ఇంటింటికీ ఎమ్మెల్యే

కుళాయి నీళ్లు ఇస్తారని వరహాలమ్మ ఓటేస్తే, కొత్త ప్రభుత్వం ముందుగా ఇంటింటికీ ఒక ఎమ్మెల్యేని ఇచ్చింది. గోడకు తగిలించే అద్దంలో అచ్చం ఆయన మొహమే, ఆయన గొంతే. ఏది అడిగినా చేతులు జోడించి, "పరిశీలనలో ఉందమ్మా, త్వరలోనే" అంటాడు.

ఆరు నెలలు అడిగి అడిగి విసిగిపోయిన వరహాలమ్మ, అద్దాన్ని తీసుకెళ్లి తన టిఫిన్ సెంటర్లో తగిలించింది. నీళ్లు రాక పిండి రుబ్బడం ఆలస్యమైన రోజున, దోసె ఏదని అడిగేవాళ్లకు ఆయనే జవాబు చెప్పుకుంటాడని ఆమె ఉద్దేశం.

"ఏటమ్మా, దోసె ఇంకెంతసేపు?" అన్నాడు తాపీమేస్త్రి అప్పలస్వామి.

"మీ దోసే మా మొదటి ప్రాధాన్యం" అన్నాడు అద్దంలో ఎమ్మెల్యే, దండం పెడుతూ.

బల్లల దగ్గరున్నవాళ్లంతా నవ్వారు. అప్పలస్వామి కూడా నవ్వాడు. పావుగంట తర్వాత మళ్లీ అదే మాట విని, నవ్వుతూనే లేచి ఎదురు హోటల్‌కి వెళ్లిపోయాడు.

వరహాలమ్మ అట్లకాడ అద్దం వైపు తిప్పింది.

"సూసావా బాబూ, ఆయన పావుగంట కూకుని లెగిసిపోనాడు. నానింకా నాలుగున్నరేళ్లు కూకోవాల."