మూడో రకం చాక్లెట్

"ఇయ్యాల గిది కుదరకపోతే రేపటి సంది నీ వారపత్రిక బంద్," అంది అనంతమ్మ, ఖాదర్ దుకాణం మెట్లెక్కుతూనే.

కోడలు కళావతి బెదురుతూ వెనకే ఎక్కింది. జహీరాబాదులో ఆమెకున్న ఒకే ఒక్క సరదా ఆ పత్రిక. ఇవాళ చేయబోతున్న ఫాండ్యూ అనే విదేశీ వంటకం అందులోనే పడింది. చాక్లెట్ కరిగించి, పుల్లకు గుచ్చిన అరటిపండు ముక్కను ముంచుకుని తినడమట. చాక్లెట్ ఎంత మంచిదైతే అంత రుచి అని కూడా రాశారు.

ఖాదర్ మూడు రకాలు విప్పి పెట్టాడు. మే నెల ఎండకు మూడూ మెత్తబడి కాగితానికి అంటుకున్నాయి.

"కరిగినయి అంటగడుతున్నవా ఖాదరూ?"

"ఎట్లైనా కరిగించేటియే గదా అత్తమ్మా," అంది కళావతి.

"నువ్వు ఊకో." అనంతమ్మ మొదటిది కాస్త గిల్లి నోట్లో వేసుకుంది. "సబ్బు లెక్కున్నది." రెండోది గిల్లింది. "దగ్గు మందు." మూడోది నోట్లో పడ్డాక మాత్రం పెదవులు చప్పరించింది. ఇంకో ముక్క గిల్లింది.

"ఎట్లున్నదమ్మా?" అన్నాడు ఖాదర్.

"సమజైతలేదు," అని మరో ముక్క గిల్లింది. "సరే, ఇదే కట్టు. బెల్లం ముందట ఇదెంత!"

సాయంత్రం పక్కింటి ఖుద్సియా, ఎదురింటి నాగవ్వ వచ్చి కూర్చున్నారు. కళావతి కుంపటి మీంచి దించిన గిన్నెను మధ్యలో పెట్టింది. అందరూ ఆ ఒక్క గిన్నెలోనే ముంచాలని తెలిసి అనంతమ్మ ఇంతెత్తున లేచింది.

"మా ఇంట్ల ఎంగిలి నడువది! కొరికినంక పుల్ల మల్ల గిన్నెల పెడితే, ఇగ ఆ గిన్నె ఇంకొకలు ముట్టద్దు. సమజైందా?"

అందరూ బుద్ధిగా తలలూపారు. పెద్దావిడ కదా అని మొదటి పుల్ల ఆమెకే ఇచ్చారు. అనంతమ్మ ముంచింది. సగం కొరికింది. కళ్లు మూసుకుంది. ఎంతకీ తెరవదే! పత్రికకు నూకలు చెల్లినట్టేననుకుని కళావతి ఏడుపు ముఖం పెట్టింది.

"మంచిగ లేదా అత్తమ్మా?"

అనంతమ్మ కళ్లు తెరిచింది. ఖుద్సియా చేతిలోని పుల్లను చూసింది. నాగవ్వ చేతిలోని పుల్లను చూసింది. కొరికిన ముక్కను నిదానంగా మళ్లీ గిన్నెలో ముంచింది.

"అయ్యో, ఎంగిలాయె!" అంటూ గిన్నెను ఒళ్లోకి లాక్కుంది. "కళావతీ, ఆ పత్రిక పైలంగ దాసిపెట్టు. వీళ్లకు జర బెల్లం పెట్టు."