తోడుకూ లైసెన్సేనా?

చేపలు కరువయ్యాక భీమిలి రేవులో ఇంటింటికీ ఆస్పత్రి దుప్పట్లుతికే పనే. నెత్తురు మరకలు వదలగొట్టే ఎంజైము ప్రతి ఇంటి కుండలోనూ ఊరుతుంది. దాన్ని ఊరించే సముద్రపు బాక్టీరియాను ఓ కంపెనీ అమ్ముతుంది. అది నెల తిరక్కుండా చస్తుంది, మళ్లీ కొనాలి. సూరాడ కాసులమ్మ మాత్రం మూడేళ్లుగా కొనలేదు. అలలు కొట్టే బండమీద పాచి గీకి తెచ్చి ఉప్పునీళ్లలో వేస్తే అదే ఎంజైము ఊరింది. పెరుగుకు తోడుంచుకున్నట్టు రోజూ ఓ గరిటెడు మిగుల్చుకుంటోంది.

ఆ సంగతి తెలిసి కంపెనీ ఇనస్పెక్టరు సీలు పట్టుకుని దిగాడు.

"ఈ బాక్టీరియా మీద హక్కు మాది. కుండ మూసేస్తున్నాం."

"మీది నెలకే సచ్చిపోద్ది కదా బాబూ! ఇది మూడేళ్లయినా బతికే ఉన్నాది. మరి మీదెలాగైపోనాది?"

"అవన్నీ కోర్టులో చెప్పుకో."

కుండ పోతే కాసులమ్మ పనీ పోతుంది. అయినా బతిమాలలేదు. మూత తీసి వీధిలోకి కేకేసింది.

"ఒలే పైడమ్మా! అందరూ గిన్నెలట్టుకు రండే, తోడేస్తాను!"

"పంచితే కేసు పెడతాం!"

"తోడడిగినోలికి లేదనడం మా ఇంటా వంటా లేదు. రాసుకో."

ఇన్నాళ్లూ కేసు భయంతో అడగని ఆడవాళ్లంతా అతని కళ్లముందే గిన్నెలు పట్టారు. అడుగున మిగిలిన కాస్తకి అతను సీలు వేశాడు. గిన్నెలతో ఎవరి గుమ్మంలోకి వాళ్లు పోతున్న ఆ ఆడవాళ్లను కాసులమ్మ చూపించింది.

"ఒకటైంది. ఇంకెన్ని సీళ్లు తెచ్చినావు బాబూ?"