తోడొచ్చినవాడు

“ఎవరావిడ?”

ఆసుపత్రి వరండాలో, తలకు స్కార్ఫ్ కట్టుకున్న ఒకామె పక్కన బెంచీ మీద కూర్చున్న టైలరు ఉలిక్కిపడి లేచాడు. ఎదురుగా భార్య! షాపు దగ్గర్నుంచి అతడి వెనకాలే వచ్చిన ఆయాసం ఒకపక్క, అంతకు మించిన కోపం ఒకపక్క.

“నువ్వెందుకొచ్చావే?”

“నేనూ అదే అడుగుతున్నా. దారపు రీళ్ళు తెస్తానని చెప్పి, ఆడవాళ్ళు కూర్చునే చోట నీకేం పని?”

ఆడవాళ్ళ బట్టలు కుట్టేవాణ్ణి ఓ కంట కనిపెట్టి ఉండమని పెళ్ళినాడే అమ్మ హెచ్చరించింది. ఇన్నేళ్ళూ ఆ మాట నవ్వి కొట్టిపారేసింది. కానీ ఈమధ్య మనిషి వాలకమే మారిపోయింది. పడక ముందుగదిలోకి మార్చేశాడు. చొక్కా మార్చుకోవాలన్నా తలుపు గడియే. తాగిన గ్లాసు కూడా కడిగి ఎరగని మహానుభావుడు తన బనీన్లు తానే ఉతుక్కుంటున్నాడు. మొన్న ఒకటి ఆమె కంటబడింది. దాని మీద ఎర్రటి మరక. ఇంకా చెప్పేదేముంది?

“నీతో చెప్పాలంటే సిగ్గేసింది,” అన్నాడతను తలవంచుకుని.

“అబ్బో, సిగ్గు కూడానా!”

“అన్నయ్యను ఏమీ అనకండి వదినా,” అంది స్కార్ఫ్ ఆమె. “నా బట్టలన్నీ ఆయనే కుడతారు. అంతే.”

“అప్పుడే వరసలు కూడా కలిపేశావా తల్లీ!”

“అరవకే,” అన్నాడు టైలరు. “నిన్న రిపోర్టు వచ్చింది. రొమ్ము క్యాన్సరట. ఎడమవైపు మొత్తం తీసేయాలంటున్నారు.”

భార్య చూపు స్కార్ఫ్ ఆమె పాలిపోయిన ముఖం మీద పడింది. అంత కోపమూ ఎటు పోయిందో, గుండె తరుక్కుపోయింది. అయినా అనుమానం మాత్రం పూర్తిగా వదల్లేదు. ఊళ్ళోవాళ్ళ జబ్బులకి ఈయనెందుకు ఇంత కుమిలిపోవడం?

ఇంతలో నర్సు తలుపు తీసి, పూల గౌను ఒకటి బెంచీ మీద పడేసింది. “డాక్టరుగారు పిలుస్తున్నారు. పేషెంటు ఇది వేసుకుని రావాలి. తోడొచ్చినవాళ్ళు బయటే ఉండండి.”

టైలరు భార్య గౌను తీసి స్కార్ఫ్ ఆమె ఒళ్ళో పెట్టింది.

“వెళ్ళమ్మా. మా ఆయన సంగతి తర్వాత తేల్చుకుంటాను. ముందు నీ ప్రాణం ముఖ్యం.”

స్కార్ఫ్ ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గౌను పక్కన పెట్టి టైలరు భార్య చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నా ఆపరేషన్ పోయినేడే అయిపోయింది వదినా.”

టైలరు చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు.