చెంబు ముట్టుకుని చెప్పిన మాట

"చెంబు ముట్టుకోండ్రి మేడం. ఇందుల ఎన్ని నీళ్లున్నయో ఇంగ్లీషుల చెప్పుండ్రి," అన్నాడు దినేష్.

హేమలత చెంబు ముట్టుకుంది. ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్న పంతులమ్మ, యాభై మూడో ఏట ఇలా చెంబు పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఏం ఖర్మో! జూన్ నుంచి బడిలో లెక్కలన్నీ ఇంగ్లీషులోనే చెప్పాలి. పుస్తకం చూస్తే అంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం తెలుగే వస్తుంది.

బాన్సువాడ బస్టాండు వెనక దినేష్ రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. ముందు గదిలో ఇంగ్లీషు క్లాసులు చెబుతాడు. పరదా వెనక గదిలో అతని తల్లి ధర్మి, తండ్రి మంగ్యా ఉంటారు. వాళ్లను తండా నుంచి తెచ్చుకుని మూడు నెలలవుతోంది.

అతను చెప్పే చిట్కాలు ఆమెకు చాదస్తంగా తోచేవి. రోజుకు ఐదు మాటలే, ఆరోది వద్దు. రాయడం తర్వాత, ముందు వస్తువును ముట్టుకుని పైకి అనాలి. తప్పు పలికితే ఎవరూ నవ్వకూడదు, నవ్వితే ఆ మనిషి మళ్లీ నోరు తెరవడు. ఇంట్లో ఆమె గరిటె పట్టుకుని గొణుగుతుంటే భర్త రాజేశ్వర్ నవ్వనే నవ్వాడు. ఆ రోజంతా ఆమె ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు.

క్లాసు అయిపోగానే దినేష్ పరదా వెనక్కి వెళ్లేవాడు. అక్కడా అదే పాఠం. ముట్టుకోవాలి, అనాలి, మళ్లీ అనాలి. ముసలాయన గొంతు "పా... పా..." అంటూ ఆగిపోయేది. పరదా సందులోంచి చూస్తే ఎడమ చెయ్యి చెంబు మీద, కుడి చెయ్యి ఈ ఎండల్లో కూడా శాలువా కింద. హేమలత నమస్తే పెడితే తల మాత్రం ఊపేవాడు. కాస్త పొగరే అనుకుంది.

"డెబ్బై ఏండ్లకు మీ బాపుకు గీ తిప్పలెందుకు?" అని ఒకరోజు అడిగేసింది.

"అవసరం పడ్డది మేడం," అన్నాడు దినేష్ అలసటగా. "మూడు నెల్ల సంది ఒక్క మాట రాలే. అయినా ఇడుస్తలేడు."

అప్పటి నుంచి ఆమె మనసులో ఒక పందెం పెట్టుకుంది. ముసలాయనకు ఒక్క మాట వచ్చినా తను ఉద్యోగంలో ఉంటుంది. ఈ శనివారం దాకా చూసి, రాకపోతే సంచిలో ఉన్న వాలంటరీ రిటైర్మెంట్ కాగితం ఆఫీసులో ఇచ్చేస్తుంది. ఇక తన వల్ల కాదు.

శనివారం వచ్చేసరికి ముందు గది ఖాళీగా ఉంది. దినేష్ బిచ్కుంద పోయాడని, వచ్చేదాకా కూర్చోమని ధర్మి ఆమెను పరదా లోపలికి పిలిచింది. మంగ్యా తన పాఠంలోనే ఉన్నాడు. ఎడమ చేతిని మెల్లగా చాపి చెంబు ముట్టుకున్నాడు. పెదవులు ఒక పక్కకు గుంజుకుపోయాయి. నుదుటి మీద చెమట పట్టింది.

"పా... పా... పాణి."

ధర్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హేమలత ప్రాణం ఉసూరుమంది. ఇన్నాళ్లు కష్టపడితే ముసలాయనకు వచ్చింది ఇదా! ఆమె చెయ్యి సంచిలోని కాగితం మీదికి వెళ్లింది. అయినా నవ్వకూడదన్నది గుర్తుపెట్టుకుని, బడిలో పిల్లలకు చెప్పినట్టే నెమ్మదిగా చెప్పింది.

"మంచిగన్నరు పెద్దాయనా. కానీ ఇంగ్లీషుల వాటర్ అనాలె."

ధర్మి కళ్లు తుడుచుకుంది.

"ఇంగ్లీషు గాదమ్మా, పక్షవాతమొచ్చి పోయిన మా లంబాడి మాటే మల్లొచ్చింది."