మానిపోయే గోడ

గుంటూరులో ఇప్పుడు ఏ ఇల్లు చూసినా వాటంతటవే మానిపోయే గోడలే. పగులు పడితే తెల్లారేసరికి పూడుకుపోతుంది. ఒకప్పుడు చిన్నాచితకా మరమ్మతులతో బతికిన మేస్త్రీ యాకోబుకు మిగిలిన పని, అడిగినచోట ఆ గోడల్ని కోయడమే.

శేషారత్నం ఇంట్లో వంటింటి గుమ్మం వెడల్పు చేయడానికి అతను రావడం ఇది నాలుగోసారి. పక్షవాతం వచ్చిన ఆమె భర్త చక్రాల కుర్చీ అందులో పట్టాలి. ఎంత కోసినా రెండు రోజుల్లో గోడ పెరిగి గుమ్మం ఇరుకైపోతోంది.

"గదిలో ఒక్కరే తింటన్నారు మేస్త్రీ. నలభయ్యేళ్లు నా పక్కన పీటేసుకుని తిన్న మనిషి," అందామె.

యాకోబు భుజాలు లాగేస్తున్నాయి. గోడవంక చూస్తూ చతికిలబడ్డాడు.

"మొత్తం పడగొట్టి పాత ఇటుకలతో కడతానమ్మా. కానీ అది పగిలితే మానదు మరి."

"పగిలితే పగలనీ."

మూడు రోజులు కట్టాడు. పదేళ్లుగా తాపీ పట్టని చెయ్యి వాచింది. నాలుగోరోజు కుర్చీ గుమ్మం దాటింది. పెద్దాయన పొయ్యి పక్కన ముద్ద నోట పెట్టుకుని, "ఉప్పు తగ్గింది" అన్నాడు వంకరపోయిన నోటితోనే.

శేషారత్నం కళ్లు తుడుచుకుని యాకోబుకూ కంచం పెట్టింది. లేచే ఓపిక లేక, అతను ఆ గుమ్మంలోనే కూర్చుని తిన్నాడు.