కాకి ఎగిరిన పాఠం

బడిలో పాఠం చెప్పే యంత్రానికి శరీరం సంగతులు రావు. ఆ విషయంలో కన్నవాళ్లు తమ గొంతుతో పలికిన మాటలే అది పిల్లలకు నేర్పాలని నియమం. ఆరేళ్లుగా ఎవరూ పలకలేదు.

ఒకరోజు తన బట్టల మీద రక్తం చూసి భయపడిన లాస్య, నెలసరికి ఇంట్లో చాటుగా వాడే మాటే యంత్రానికి చెప్పింది. "నన్ను కాకి ముట్టింది."

యంత్రం పక్షి గాయమని రాసి, కట్టు కట్టించుకోమంది. పిల్ల గాయం వెతుక్కుంటూ ఏడ్చింది.

మర్నాడు తల్లిదండ్రుల సమావేశంలో లాస్య తల్లి ఇందుమతి యంత్రానికి కలిపిన మైకు అందుకుంది. నోటికి ముందు కాకే వచ్చింది. దాన్ని మింగేసి, "రుతుస్రావం" అంది. గర్భాశయం నుంచి, ఎవరైనా తాకబోతే ఇష్టం లేకపోతే వద్దనడం దాకా అన్నీ పలికింది. వెనక ఒక తండ్రి లేచాడు. "మగపిల్లల సంగతి నేను చెబుతానమ్మా."

వారం తర్వాత లాస్య అడిగింది. "పాఠంలో నీ గొంతేనమ్మా. మొదట్లో కాసేపు ఆగావెందుకు?"

"కాకి ఎగిరిపోవాలి గదే."