రాజు పడిపోయే రంగం

"వదినా, కాస్త గట్టిగా అందించండి. నాతోపాటే నా చెవులూ ముసలివైపోయాయి," అన్నాడు నటుడు.

గుమ్మానికి కట్టిన తెర వెనక నుంచి వదిన సరేనంది.

ఇళ్ళలో నాటకాలాడుకునే ఆ మిత్రుల పద్ధతే అంత. నాటకానికి రాతప్రతి ఒక్కటే ఉంటుంది. అది పట్టుకుని తెర వెనక ఒకరు మాట అందిస్తారు. ముందున్నవాళ్ళు విని పలుకుతారు. ఇన్నాళ్ళూ అందించింది రచయితే. ఆయన పోయాక కలవడం ఇదే మొదలు. ఆయన చివరి నాటకం ఆయన భార్య, ఈ వదినే, అందిస్తోంది. ఇంతవరకూ అది ఎవరూ వినలేదు.

చివరి అంకం రాస్తున్న రోజుల్లోనే ఆయన మేడమెట్ల మీంచి పడిపోయాడు. వదిన ఊళ్ళో లేదు. ప్రాణం పోయేటప్పుడు పక్కన ఒక్కరైనా ఉన్నారా అని అందరినీ అడిగింది. ఎవరూ లేరన్నారు. ఆ జవాబు ఆమెని నిద్రపోనివ్వడం లేదు.

వదిన ముందుగా కథ చెప్పింది. మిత్రుల్లో ఒకడైన చరిత్ర మాస్టారు విసుక్కున్నాడు.

"ఈ రాజు జ్వరంతో పోయాడు. శాసనం ఉంది. కోటమెట్ల మీంచి పడ్డాడంటే ఎలా?"

"మంచంమీద మూలుగుతూ పోతే ఎవడు చూస్తాడయ్యా?" నటుడు నవ్వాడు. "నీ చరిత్రకి చచ్చాడంటే చాలు. నాటకానికి ఎలా చచ్చాడో కావాలి."

"నాకు కల్పించడం చేతకాదు బాబూ."

"అందుకేగా నీకు మంత్రి వేషం! వదిన చెప్పింది అప్పజెప్పు, చాలు."

నాటకం మొదలైంది. వదిన అందిస్తోంది. వీళ్ళు పలుకుతున్నారు. మెట్ల రంగం వచ్చింది. నటుడు నిజంగానే ధబ్బున పడి కళ్ళు మూసుకున్నాడు.

గదిలో చప్పుడు లేదు. మాస్టారు రచయిత ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

"నన్ను పిలిచావు, మిత్రమా. దాహమన్నావు. నేను మెట్లమీదే నిలబడిపోయాను. దిగలేదు. నీ పిలుపు ఆగేదాకా వింటూనే ఉన్నాను."

నటుడు కళ్ళు తుడుచుకుంటూ లేచాడు.

"ఏం రాశాడు వదినా మనవాడు! ఒళ్ళు జలదరించింది."

తెర కదల్లేదు.

వదిన చేతిలోని కాగితాల్లో, రాజు పడిపోయాక ఇంక ఒక్క మాటా లేదు.